చిల్లు బకెట్‌తో ఒక పాఠం

ఆ శనివారం ఉదయం నార్సింగిలోని ఒక పాఠశాల ఆవరణలో హాజరైనవారు వరుసగా వీరు: మధ్య కుర్చీలో ప్రిన్సిపాల్ అనసూయమ్మ, ఆమె కుడివైపున, ఏళ్ల తరబడి కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, నేటి పాఠాన్ని అంచనా వేయడానికి వచ్చిన పార్థసారథి, వారి వెనుక పదకొండో తరగతి పిల్లలు, అందరికంటే చివర, స్తంభం పక్కన తాడు పట్టుకుని స్కూలు వ్యాను డ్రైవరు రాజేందర్. నల్లబల్ల ముందు నిలబడినది సరిత.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం పోయాక, చిన్ననాటి నుంచి మనసులో ఉన్న టీచరు పనికి ఆమె దరఖాస్తు చేసుకుంది. ఈ పాఠం మెప్పిస్తే ఉద్యోగం ఆమెది. లేకుంటే సోమవారం నుంచి మళ్లీ కంపెనీల చుట్టూ తిరగాలి.

బలం మారుతూ ఉంటే జరిగిన పనిని సమాకలనంతో లెక్కకట్టడం పాఠ్యాంశం. అందుకోసం ఆమె అడుగున చిల్లు పెట్టిన బకెట్‌ను, గడియారంలా ముల్లు తిరిగే పెద్ద త్రాసుకు తగిలించి, రెండో అంతస్తు పిట్టగోడకు బిగించిన గిలక మీదుగా లాగించే ఏర్పాటు చేసింది. నేల మీద బరువు పన్నెండు కిలోలు. మీటరు లేచినప్పుడల్లా అరకిలో నీరు కారుతుంది. ఎనిమిది మీటర్ల ఎత్తుకు చేరేసరికి ఎనిమిది కిలోలు మిగలాలి. ఇటువంటి హంగులు తన తరగతిలో ఎన్నడూ అవసరపడలేదని పార్థసారథి ప్రిన్సిపాల్‌తో వినబడేటట్లుగానే అన్నారు.

రాజేందర్ తాడు లాగసాగాడు. వెంటనే రోహిణి అనే పిల్ల లేచింది.

"మేడం, మొదట పన్నెండు, చివర్ల ఎనిమిది. సగటు పది. ఎత్తుతోని కొడితే ఎనభై. గింత దానికి ఇంటిగ్రేషన్ ఎందుకు?"

పిల్లలు నవ్వారు. సరిత చేయబోయే సమాకలనం కూడా ఎనభయ్యే ఇస్తుంది.

సరిగ్గా అప్పుడే రాజేందర్ ఫోను మోగింది, ఇంటి నుంచి భార్య. అతడు తాడును స్తంభానికి రెండు చుట్లు చుట్టి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఏంది భవాని? దోసకాయలా, బీరకాయలా? జర ఆగు, చేతిల బకెట్ ఉన్నది."

భవాని ఆగలేదు. బకెట్ ఆరు మీటర్ల ఎత్తున వేలాడుతూ ధారగా కారసాగింది. ఇక ఉద్యోగం పోయినట్టేననుకుని, అతణ్ణి కేకేయబోయిన సరిత కళ్లు త్రాసు మీద పడ్డాయి. ముల్లు తొమ్మిది నుంచి ఎనిమిదికి, ఏడుకు దిగుతోంది. బకెట్ కదలడం లేదు, బరువు మాత్రం తగ్గుతోంది. ఆమె ముఖం వికసించింది.

"ఎవ్వరు పిలవకండి, అన్నను మాట్లాడనియ్యండి" అంది.

చర్చ బీరకాయల పక్షాన ముగిసేసరికి ముల్లు అయిదు మీద ఉంది. రాజేందర్ సిగ్గుపడుతూ మిగిలిన రెండు మీటర్లూ లాగాడు. పైకి చేరినది నాలుగు కిలోలు.

"ఇగ చెప్పు రోహిణి, నీ సగటు?"

"ఎనిమిది. మొత్తం అరవై నాలుగు."

"మరి బకెట్ ఆగినంతసేపు రాజేందరన్న చేసిన పని ఎంత?"

"బీరకాయల పని, మేడం."

నవ్వులు సద్దుమణిగాక సరిత సుద్ద పట్టుకుంది. ఎత్తు పెరగలేదు గనుక ఆగినప్పటి పని సున్నా అని చెప్పి, సమాకలనాన్ని రెండు ముక్కలు చేసింది. మొదటి ఆరు మీటర్లకు అరవై మూడు, చివరి రెండింటికి తొమ్మిది, వెరసి డెబ్బై రెండు. గురుత్వ త్వరణంతో గుణిస్తే జౌళ్లలో పని వస్తుంది.

"సగటు మొదలు, చివర మాత్రమే చూస్తది. నీళ్లు ఎక్కడ పోయినయో దానికి తెల్వదు. ఇంటిగ్రేషన్ ప్రతి అడుగు దగ్గర ఆగి చూస్తది."

రోహిణి కూర్చోలేదు. తానే నల్లబల్ల దగ్గరికి వచ్చి, బకెట్ సరిగ్గా సగం ఎత్తులో ఆగితే ఏమవుతుందో లెక్క వేసింది. నలభై నాలుగు, ఇరవై. మొత్తం అరవై నాలుగు.

"అన్న ఆడ ఆపుంటే నా సగటే గెలుస్తుండె, మేడం" అంది, కళ్లు మెరుస్తుండగా.

తరగతి అంతా సుద్దముక్కల కోసం ఎగబడింది. పార్థసారథి కూడా ఒకటి తీసుకుని లెక్క సరిచూశారు. పిదప అనసూయమ్మ చెవిలో ఏదో చెప్పి, ఆమె తలూపాక కోటు గుండీ పెట్టుకుని లేచి నిలిచారు.

"శ్రీ రాజేందర్ గారు బకెట్‌ను సగం ఎత్తులో గాక ఆరు మీటర్ల వద్దనే ఆపి, బీరకాయల నిర్ణయం వెలువడే వరకు కదలనీయకుండా నిలిపినందుకు, ఈ పాఠశాల పక్షాన, సోమవారం నుంచి ఇక్కడ భౌతికశాస్త్రం బోధించనున్న శ్రీమతి సరిత గారి పక్షాన, వారికి మా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నామండి."