వేలాడదీయని కుక్క

లోర్నా హెన్స్‌బీ వంటింటి చెక్కగోడలో వేలు దూరేంత కన్నం పడి ఉంది. దానికి సూటిగా, ఆవిడ రోజూ పొద్దున టీ తాగే కుర్చీ వీపుపలక రెండుగా చీలి ఉంది. తూటా అక్కడితో ఆగలేదు. అలమార తలుపు తొలుచుకుని పిండిడబ్బాలో దిగబడింది.

"కోళ్ళు గోల చేస్తుంటే మేత వెయ్యడానికి లేచాను," అంది లోర్నా. "లేకపోతే ఈపాటికి నువ్వు కుర్చీకి బదులు నాకు ఫొటోలు తీస్తుండేవాడివి, రోలీ."

"చప్పుడు విన్నారా?"

"రెండు విన్నాను. ఎవరో అడవికుక్కని కొట్టారనుకుని సంతోషించాను కూడా." ఆవిడ నాకు టీ పోసి, తను నిలబడే తాగింది. "ఎవర్నీ జైల్లో పెట్టించాలని నాకు లేదు. కానీ వాడెవడో తెలిసేదాకా ఈ గదిలో కూర్చోలేను. ఊరి పోలీసువి, అది మాత్రం నువ్వు చూడాలి."

కన్నంలోంచి చూస్తే లోయ అవతల గుట్ట కనిపించింది. ఆ గుట్ట, దాని వెనక పొలం గార్త్ పికరింగ్‌వి. ఆ పొలంలో వేటాడేందుకు ఒప్పుకోలు ఉన్నవాడు ఒక్కడే, వెర్న్ టల్లక్. కంగారూలను కొట్టి మాంసం కంపెనీకి అమ్ముతాడు. గొర్రెల్ని చంపే అడవికుక్కల్ని ఊరికే కొట్టిపెడతాడు.

మా దగ్గర చట్టం పుస్తకంలో పొడుగ్గా ఉంటుంది కానీ విషయం చిన్నదే. సొంత భూమిలో కాల్చుకోవడానికి యజమానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. పరాయి భూమిలో అయితే యజమాని ఒప్పుకోవాలి. కాల్చేది ఎవరైనా సరే, తూటా కంచె దాటకూడదు. దాటితే తుపాకీ నా చేతికి వస్తుంది, లైసెన్సు పోతుంది.

నేను వెళ్ళేసరికి వెర్న్ తన షెడ్డు ముందు కత్తి నూరుకుంటున్నాడు.

"పొద్దున గార్త్ పొలంలో ఉన్నావా?"

"ఉన్నాను. ఒప్పుకోలు కాగితం ట్రక్కులో ఉంది. చదువుకుంటావా, పాడి వినిపించనా?"

"లోర్నా కుర్చీకి తూటా తగిలింది."

కత్తి ఆగిపోయింది. "ఆవిడకి?"

"ఏమీ కాలేదు."

"నేను కాల్చింది తెల్లారకముందే, వాగులోకి. పైనుంచి కిందకి. ఒక్కసారే. గుట్టవైపు తుపాకీ ఎత్తనే లేదు."

"అందరూ అనేది అదే, వెర్న్."

"అంటారు మరి. నువ్వేమో నమ్మవు. నమ్మితే నీకు జీతమెందుకు?" లేచి, రైఫిళ్ళున్న బీరువా తాళాలు నా చేతిలో పెట్టాడు. "పరీక్షకి సిడ్నీ పంపిస్తావు. వాళ్ళు ఎప్పటికి తేలుస్తారో దేవుడికే తెలియాలి. ఈలోగా కంపెనీవాడు నా చోట ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. నాకు వేరే పని రాదు, రోలీ. నేర్చుకునే వయసూ కాదు."

తుపాకులు ట్రక్కులో పెట్టుకుని బయలుదేరాను. పెట్టుకోక తప్పదు. అయినా అద్దంలో అతను ఆ కత్తి పట్టుకుని అలాగే నిలబడి కనిపిస్తుంటే చేసిన పని రుచించలేదు.

మధ్యాహ్నం గుట్ట ఎక్కాను. కొసన, ఆకాశం తప్ప వెనక ఇంకేమీ లేని చోట, అడవికుక్క పడి ఉంది. పసుపుపచ్చటి పెద్ద మగకుక్క. డొక్కలో ఒకే దెబ్బ. కాకులు అప్పటికే కళ్ళు తినేశాయి. అక్కడ నిలబడి చూస్తే లోయ అవతల లోర్నా ఇంటి రేకుల కప్పు మెరుస్తోంది. రెండు చప్పుళ్ళలో ఒకటి ఈ కుక్కకి తగిలింది. తగలనిది అటు వెళ్ళింది.

వెర్న్ పని అయిపోయిందనుకున్నాను. కిందికి దిగుతూ, రోడ్డు పక్క కంచె చూసి ఆగిపోయాను.

మా ప్రాంతంలో కుక్కని కొట్టినవాడు దాన్ని అక్కడే వదిలేసి పోడు. ఈడ్చుకొచ్చి, వెనక్కాళ్ళు తీగతో బిగించి, రోడ్డు పక్క కంచెకి తలకిందులుగా వేలాడదీస్తాడు. గొర్రెలున్నవాళ్ళు అటుగా వెళ్తూ చూసుకుని హారన్ కొడతారు. సాయంత్రం ఊరి తుపాకీ క్లబ్బులో బీరు పోయిస్తారు. వెర్న్ అయితే గజ్జిపట్టిన కుక్కపిల్లని కూడా వదలకుండా కట్టేవాడు. అతను కట్టినవి ఎండకి అట్టలు కట్టి, కంచె పొడుగునా ఊగుతున్నాయి.

పైన ఉన్నదేమో అన్నిటికన్నా పెద్దది. ఈ వసంతంలో గొర్రెపిల్లల పేగులు తీసినది అదే అయి ఉంటుంది. దాన్ని కొట్టినవాడు ఊరంతా చెప్పుకోవాలి. చెప్పుకోలేదంటే, తనెవరో తెలియకూడదనుకున్నాడు. వెర్న్‌కి కుర్చీ సంగతి నేను చెప్పేదాకా తెలియదు; కొట్టింది అతనే అయితే ఈపాటికి ఇది కంచెకి ఊగుతుండేది.

ఒప్పుకోలు కాగితం ఎవరికి ఉందని వెతికానే గానీ, కాగితం అక్కర్లేనివాడి సంగతి ఆలోచించలేదు.

గార్త్ పికరింగ్ ఉన్ని కత్తిరించే షెడ్డులో ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. మా ఊళ్ళో తుపాకీ లైసెన్సు కావాలంటే మొదట ఆయన పాఠం వినాలి. వెర్న్ విన్నాడు, నేనూ విన్నాను. క్లబ్బు గోడ మీద ఎర్రరంగుతో ఆయన రాసిన మాట ఇప్పటికీ ఉంది: వెనక ఏముందో తెలియనిదే మీట నొక్కకు.

"వెర్న్ తుపాకులు తీసుకున్నావట," అన్నాడు తల ఎత్తకుండానే.

"తీసుకున్నాను."

"మంచివాడు. మందలించి వదిలెయ్యకూడదూ?"

"మందలింపుతో పోయే కేసు కాదు, గార్త్. అది నాకు నేర్పింది మీరే." గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. "ఒక సాయం కావాలి. కుక్క ఒకటి పడి ఉంది. కంచెకి కట్టాలి. తీగ ఉందా?"

ఆయన గోడవైపు తిరిగాడు. మేకుకున్న తీగచుట్ట తీసుకుని, పట్టుకారు జేబులో వేసుకుని బయటికి నడిచాడు. ఎక్కడ, అని అడగలేదు. నేను కావాలనే వెనకబడ్డాను. పశువుల దొడ్డి దాటి, వాగు దాటి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా, తిన్నగా ఆ కుక్క దగ్గరికి వెళ్ళి ఆగాడు.

ఆగాక తెలిసింది ఆయనకి, తను చేసిందేమిటో.

"దారి నేను చెప్పలేదు," అన్నాను.

"చెప్పలేదు." తీగచుట్ట గడ్డిలో పెట్టి, కుక్క పక్కన కూర్చున్నాడు. లోయ అవతలి రేకుల కప్పు చూశాడు. మాట్లాడినప్పుడు గొంతు పాఠం చెప్పే గొంతులాగే ఉంది, నెమ్మదిగా.

"రాసుకో, రోలీ. పొద్దున గొర్రెల దగ్గరికి వచ్చాను. ఇది ఒక పిల్లని తింటోంది, అది ఇంకా బతికే ఉంది. నన్ను చూసి పైకి పరిగెత్తి, ఈ కొసన నిలబడి తిరిగి చూసింది. వెనక ఆకాశం. నాకు తెలుసు. తెలిసే కాల్చాను. మొదటిది తప్పింది, రెండోదానికి పడింది. మొదటిది ఎటు పోయిందో ఆ క్షణమే తెలిసింది. లోర్నా పెరట్లో తిరుగుతూ కనిపించేదాకా ఇక్కడే కూర్చున్నాను. కనిపించింది కదా, ఇక ఎవరికీ చెప్పక్కర్లేదనుకున్నాను. నువ్వు వెర్న్ దగ్గరికి వెళ్ళావని విన్నాక కూడా అదే అనుకున్నాను. వాడికి కాగితం ఉంది కదా, నేనిచ్చిందే, అదే కాపాడుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కాపాడదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? క్లబ్బు గోడ మీద ఆ మాట చెరిపెయ్యాలి, లేదా నా పేరు చెరిపెయ్యాలి. రెండూ ఉండటానికి లేదు. వాడి తుపాకులు వాడికి ఇచ్చెయ్. నావి ఇంట్లో ఉన్నాయి. లోర్నాకి మాత్రం నువ్వు చెప్పకు. ఆ కుర్చీ నేనే చేసిచ్చాను ఆవిడకి. నేనే వెళ్ళి చెప్తాను."