అట్టలోని పదిహేడో పేజీ

ఏడో తరగతిలో బడి మానేసినవాడికి విశ్వవిద్యాలయంలో ఉద్యోగమా అని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లైబ్రరీ కింది అంతస్తులో, కిటికీలోంచి జనం కాళ్ళు మాత్రమే కనిపించే గదిలో, ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. పైన చదువుకునేవాళ్ళకు నేను గుర్తొచ్చేది పుస్తకం ఊడినప్పుడే.

ఆ సోమవారం అక్క నేరుగా ఆ గదికే వచ్చింది. మెట్లు దిగిన ఆయాసం తీరేదాకా బల్ల పట్టుకుని నిలబడింది. రంగుల ఫ్యాక్టరీలో పొడులు కలిపే గదిలో పందొమ్మిదేళ్ళు చేసి ఆమె సంపాదించుకున్న ఆస్తి ఆ ఆయాసం. ఇప్పుడు ఆ గదిలోనే ఆమె కూతురు పనిచేస్తోంది.

"ఒరేయ్, ఆరేళ్ళ కిందట మీ ప్రొఫెసరమ్మ ఒకావిడ వచ్చి గదిలో దుమ్ము కొలిచి, మా అందరిచేత గొట్టంలోకి ఊదించుకుపోయింది, గుర్తుందా?"

"ఎందుకు లేదు? నీకు నంబరు కూడా ఇచ్చింది."

"ఆవిడ రాసింది ఇదిగో." ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. నాలుగు లైన్లు, కింద తాళం బొమ్మ, పక్కన ధర. "ఊదింది నేను. అందులో ఏముందో చూడాలంటే మళ్ళీ నేనే డబ్బు కట్టాలట!"

"సొమ్మొకడిది, సోకొకడిది. చదువుకున్నోళ్ళ యవ్వారం అంతే."

"నీ ఏడుపు తర్వాత ఏడువు. శుక్రవారం మేనేజరుతో మీటింగు. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టేదాకా ఆ గది మూసెయ్యమంటున్నాం. 'దుమ్ము ఎక్కువని ఎవరు చెప్పారు? నలుగురూ చూడగలిగే చోట ఉంటే చూపించండి, చాటుమాటు కాగితాలు నేను ముట్టుకోను' అంటున్నాడు." గొంతు తగ్గించింది. "చిన్నదానికి అప్పుడే దగ్గు మొదలైందిరా."

నేను బల్లమీది కత్తెర పక్కన పెట్టి పైకి నడిచాను.

మా ప్రొఫెసర్లు రాసిన వ్యాసాలను అందరూ ఉచితంగా చదివేలా లైబ్రరీ సైట్లో పెట్టడం ఒక ఆఫీసరమ్మ పని. వయసులో నాకంటే చాలా చిన్నది. నేను చెప్పింది విని నిట్టూర్చింది.

"ఆ వ్యాసం వచ్చిన పత్రిక చందా మోయలేక మనమే మానేశాం, బైండరుగారూ. మన ప్రొఫెసరు రాసింది మనమే చదవలేం. అచ్చయిన కాపీ ఆవిడ మీ అక్కకు చూపించగలరు గానీ, సైట్లో పెట్టకూడదు. ఆ అచ్చు పేజీలు పత్రికవాళ్ళవి."

"మరి దారే లేదా?"

"ఉంది. వాళ్ళు చెప్పిన దిద్దుబాట్లన్నీ చేసి, అచ్చుకు కూర్చకముందు ఆవిడ పంపిన చివరి రాతప్రతి ఉంటే పెట్టచ్చు. వాళ్ళ ఒప్పందంలోనే ఉంది. కానీ మేడమ్ కంప్యూటరు పాడైపోయింది. రెండేళ్ళుగా అడుగుతున్నా, లేదంటున్నారు. పత్రికవాళ్ళేమో ఉలకరు, పలకరు."

"కాగితం మీద ఉన్నా పనికొస్తుందా?"

"స్కాన్ చేస్తాను. ఎక్కడుంది?"

అది ఎక్కడుందో నాకు తెలుసు.

ఐదేళ్ళ కిందట స్టోరు నుంచి అట్టముక్కలు రాలేదు. అలాంటప్పుడు పాత బైండర్లు చేసే పనే నేనూ చేశాను. చిత్తు కాగితాలు ఒకదాని మీద ఒకటి మైదా జిగురుతో అతికించి, బరువు కింద ఆరబెట్టి అట్ట తయారుచేశాను. ఆ ప్రొఫెసరమ్మ డిపార్టుమెంటు నుంచి వచ్చిన చిత్తుకట్టలో ఒక గది పటం కనిపించింది. తలుపు, తొట్టి, మూడు మరలు. తొట్టి పక్కన అక్క నిలబడే చోట ఎర్రసిరా చుక్క. ఇది అక్క గదే కదా అనుకున్నాను. అనుకుని, దానిమీద జిగురు రాశాను. నాలాంటివాడు ఇదేమిటని ఎవరిని అడుగుతాడు?

"అదే పత్రిక పాత సంచికలు కట్టలుగా కట్టిన ఆరు సంపుటాలున్నాయి. వాటి అట్టల్లో ఉంది," అన్నాను.

"అంటే పుస్తకాలు చింపుతారా?"

"అట్టలు మాత్రమే. నేను కట్టినవే, మళ్ళీ కడతాను. పైవాళ్ళు అడిగితే చెద పట్టిందని చెబుదాం."

"అబద్ధమెందుకు? చింపమని నేనే రాసి సంతకం పెడతాను." పెట్టింది. చదువుకున్నవాళ్ళలో అలాంటి సంతకం నేను చూడడం అదే మొదలు.

గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో అట్టలు నానేశాను. లేజరు అచ్చు నీళ్ళకు చెదరదు, మైదా మాత్రం వదులుతుంది. మొదటి సంపుటంలో సెలవు చీటీలు, రెండోదానిలో పరీక్షల నోటీసులు. మూడోదానిలో వరసగా ఆ వ్యాసం పేజీలు వచ్చాయి, వాటి మధ్య ఎర్రచుక్క బయటపడింది. కొంచెం కారింది గానీ చుక్క చుక్కే.

బుధవారం ప్రొఫెసరమ్మ వచ్చింది. తీగమీద ఆరుతున్న తన పేజీలను చూసి నోరు తెరిచింది.

"నా కాగితాలు అట్టల్లో పెట్టారా!"

"మీరు చెత్తలో పెట్టారు మేడమ్. నేను అట్టలో పెట్టాను. ఎక్కడ పెడితే దొరికాయో మీరే చూసుకోండి."

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కొక్క పేజీ చూసింది. "చివరిదే. పత్రికవాళ్ళు ఆడవాళ్ళ లెక్కలు వేరుగా ఇమ్మన్నారు, ఇందులో ఇచ్చాను. కానీ పదిహేడో పేజీ ఏదీ? ఏ చోట, ఏ నంబరు మనిషి దగ్గర ఎంత దుమ్ముందో ఆ పట్టిక అందులోనే ఉంది. అది లేకపోతే మిగతా ఇరవై ఒక్క పేజీలూ కబుర్లే."

నాలుగో సంపుటంలో లేదు. ఐదోదానిలో లేదు. గురువారం మధ్యాహ్నం ఆరోదాని వెనక అట్టలో, క్యాంటీన్ నోటీసుకు వీపు ఆనించుకుని దొరికింది. ఆ ఒక్క అట్టకే జిగురు చాలక ఫెవికాల్ కలిపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. లాగితే చిరుగుతుంది. ఆవిరి పట్టి, కాగితం మడతలు నొక్కే బద్ద అంచుతో వెంట్రుకవాసి చొప్పున లేపాను. మూడు గంటలు పట్టింది. ఆఫీసరమ్మ పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి తీసుకోమ్మా. ఈ గోలంతా దానికోసమే కదా," అన్నాను.

కింది మూల చిరిగింది. అక్కడ అంకెలు లేవు. సాయంత్రం లైబ్రరీ మూయకముందే ఇరవై రెండు పేజీలూ తాళం లేకుండా సైట్లోకి ఎక్కాయి. నేను పదిహేడో పేజీ తెరిచి, అక్క ఫోనుకు పంపాను.

వెంటనే ఫోను చేసింది. "పద్నాలుగో నంబరు నేనేరా! తొట్టి దగ్గర ఉండాల్సిన దానికి ఏడింతలట. ఏడింతలు మింగానా నేను?"

"మింగావు. చిన్నది మింగకుండా చూడు."

శుక్రవారం మీటింగులో మేనేజరు ఎప్పటిలాగే ఎక్కడుందో చూపించమన్నాడట. నలభైమంది ఒకేసారి ఫోన్లు తీసి పదిహేడో పేజీ ముందుకు చాచారట. ఇది మా మేనకోడలు చెప్పిన మాట. నేను అప్పుడు నా బల్ల దగ్గరే ఉన్నాను, ఆరు సంపుటాలకూ కొత్త అట్టలు కోస్తూ.

"మామయ్యా, ఫ్యాన్లు పెట్టేదాకా గది మూసేశారు. అప్పటిదాకా మమ్మల్ని ప్యాకింగులో వేశారు," అంది. మధ్యలో దగ్గింది.

"సరే. ముందు డాక్టరుకు చూపించుకో. ఆ పేజీ కూడా చూపించు," అని పెట్టేశాను.

బల్ల కింద కొత్త చిత్తుకట్ట వచ్చి ఉంది. తాడు విప్పి, ఒక్కొక్క కాగితం తిప్పి చూడడం మొదలుపెట్టాను.