మాట వినని ఫైలు

ఆ గురువారం పొద్దున పటాల కార్యాలయంలో ఆసుపత్రి చెరువులోకి జరిగింది. బడి వెళ్ళి రైలుపట్టాల మీద కూర్చుంది. పెద్దవీధి ఎవరిదో వంటింటి గుండా దూరి అవతలి సందులో తేలింది. ఇదంతా కంప్యూటరు తెరల మీదే లెండి, ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పటాలు గీసి బతికేవాళ్ళకు తెరమీది ఊరు జరిగితే నిజం ఊరు జరిగినట్టే. కాసేపట్లో కార్యాలయమంతా గగ్గోలెత్తిపోయింది.

ఎవరి పని ఇది అని వెతికితే కోడలు దొరికింది.

కోడలంటే కార్యాలయానికి కాదు, మేస్త్రికి. మేస్త్రి అంటే ఇటుకలు పేర్చే మేస్త్రి కాదు, అక్కడి కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు. ఎవరో ఎక్కడో తయారుచేసి పంపిన సాఫ్ట్‌వేరంటే ఆయనకు గిట్టదు. దాని సోర్సు, అంటే ప్రోగ్రాము మూలరాత తెప్పించి, తమ యంత్రాలకు తగ్గట్టు తామే కట్టుకోవాలంటాడు. అలా కట్టీ కట్టీ ఆయన అసలు పేరు జీతం చీటీ మీద మాత్రమే మిగిలింది. పెళ్ళయిన కొన్నాళ్ళకు కోడలు పరీక్ష రాసి అక్కడే ఉద్యోగం తెచ్చుకుంది. దాంతో ఆమెకు ఇంట్లోనూ మామయ్యే, ఆఫీసులోనూ మామయ్యే అయ్యాడు. దీన్ని అదృష్టమన్నవాళ్ళూ ఉన్నారు, అయ్యో పాపం అన్నవాళ్ళూ ఉన్నారు.

మేస్త్రి జీవితంలో గర్వంగా చెప్పుకునేది ఒక ఫైలు. సోర్సు నుంచి ఏది కట్టబోయినా ముందుగా ఒక చిన్న ప్రోగ్రాము లేచి, కట్టింది ఎక్కడ పెట్టాలి, ఏ కంపైలరుతో యంత్రభాషలోకి మార్చాలి, ఏవి చేర్చాలి, ఏవి వదిలెయ్యాలి అని లెక్కలు చూసుకుంటుంది. అది లెక్కలు మొదలెట్టకముందే ఫలానా చోట ఒక ఫైలుందేమో చూస్తుంది. ఉంటే అందులోని జవాబులు తీసుకుంటుంది. ఆ ఫైలు మేస్త్రి రాసిందే. ఎవరు కట్టినా, ఏది కట్టినా, అన్నీ ఒకే పద్ధతిలో, అందరి యంత్రాలూ వాడుకునే ఒకే ఉమ్మడి చోటికి వచ్చి చేరాలని ఆయన పట్టుదల. నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నాడు. ఆ ఫైలును ఉన్నదున్నట్టు ఉంచుతామని డైరెక్టరు అందరి ముందూ మాటిచ్చాడు కూడా.

ఇక కోడలి సంగతి. ఆమె తలకెత్తుకున్న పని కాలిబాటల పటం. ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నీ చూపించి, చక్రాల కుర్చీలో వెళ్ళేవాళ్ళు ఏ దారి పట్టాలో చెప్పే పటం అది. ఆలోచన ఆమెదే, పరుగులన్నీ ఆమెవే. దానికి, పటంలో ఏది ఎక్కడ పడాలో లెక్కకట్టే కొలతల లైబ్రరీ అనే ప్రోగ్రాములో కొత్త వెర్షను కావాలి. మిగతావాళ్ళ పటాలన్నీ పాత వెర్షను మీద నడుస్తున్నాయి. అందుకే బుధవారం సాయంత్రం కొత్తదాన్ని తన సొంత డైరెక్టరీలో పెట్టమని స్పష్టంగా చోటు చెప్పి మరీ కట్టింది. కానీ ఆ కొత్తది వెళ్ళి ఉమ్మడి చోట పాతదాని నెత్తిన కూర్చుంది.

మేస్త్రి మధ్యాహ్నానికల్లా పాతదాన్ని వెనక్కి తెచ్చి ఆసుపత్రిని గట్టుమీద పెట్టేశాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత హాలు మధ్యలో నిలబడి, ఎవరూ అడక్కుండానే తీర్పు చెప్పాడు.

"నా కోడలైనా సరే, తప్పు తప్పే. చోటు చెప్పడం మర్చిపోయి కట్టేసింది."

పక్షపాతం లేని మనిషినని చూపించుకోవడంలో ఉండే సంతోషం ఆయన మొహం నిండా ఉంది. చోటు చెప్పానని కోడలు అనబోయింది. ఈలోపు డైరెక్టరు అందుకుని, సోమవారం సమావేశంలో ఈ సంగతి తేలుస్తామనీ, అజాగ్రత్తగా కట్టినవాళ్ళకు ఇకమీదట కట్టే అనుమతి ఉండదనీ చెప్పి గదిలోకి వెళ్ళిపోయాడు. అనుమతి పోతే కొత్త వెర్షను లేదు. అది లేకపోతే కాలిబాటల పటం వేరే ఎవరి చేతికో పోతుంది.

కోడలు తన యంత్రం దగ్గరకు వెళ్ళి నిన్న తను ఇచ్చిన ఆదేశం చూసుకుంది. చోటు చెప్పే ఉంది, అక్షరం తప్పు లేదు. మరి ఎందుకు వినలేదు? మామగారి ఫైలు తెరిచి చదివింది. రెండోసారి చదివేసరికి విషయం బోధపడింది. అలాంటి ఫైల్లో 'కట్టేవాళ్ళు చోటు చెప్పకపోతే ఇక్కడ పెట్టు' అని రాయాలి. మేస్త్రి 'ఇక్కడ పెట్టు' అని రాసి ఊరుకున్నాడు. కట్టేవాళ్ళు నోరారా చెప్పినా సరే, ఫైలు దాన్ని తుడిచేసి తన మాటే నెగ్గించుకుంటోంది.

కానీ ఇన్నేళ్ళుగా మిగతావాళ్ళకు ఇది ఎందుకు ఎదురవలేదు? ఆ ప్రశ్నకు జవాబు భోజనాల గదిలో దొరికింది. పటాలకు రంగులు ఎంచే పెద్దావిడ ఒకావిడ ఉంది, అందరూ రంగులక్క అంటారు. ఆవిడ డబ్బా మూత తీస్తూ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. మేస్త్రి ఫైలు కంటపడకుండా కట్టే ఉపాయం ఒకటుందట. ఆదేశానికి ముందు ఒక చిన్న ముక్క తగిలిస్తే, 'ఆ ఫైలు కాదు, ఇదిగో ఈ ఖాళీ ఫైలు చూసుకో' అన్నట్టట. అందరూ చేసేది అదేనట. వచ్చిన కొత్తలోనే ఒకరి చెవిలో ఒకరు వేసుకుంటారట.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీకెలా చెబుతామమ్మా? ఆయన కోడలివైతివి. ఇంటికెళ్ళి చెప్పేస్తావని భయం."

అదీ సంగతి. ఆ కార్యాలయం మొత్తంలో మేస్త్రి ఫైలును నిజంగా వాడిన మనిషి ఆయన కోడలొక్కతే. నిజాయితీగా కట్టినందుకు దొంగలా నిలబడింది. కోడలికి నవ్వొచ్చింది, దానివెంటే ఒళ్ళు మండింది. ఆయనతో ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే ఉపన్యాసం వినాలి కదా అని రంగులక్క తేల్చేసింది. పైగా మర్చిపోయానని ఒప్పేసుకో, పెద్దాయన నెలాఖరుకు వెళ్ళిపోతున్నాడు, ఇప్పుడు నలుగురిలో పరువు తియ్యడం ఎందుకు అని బుద్ధి కూడా చెప్పింది. పరువు ఆయనదైతే పటం నాది కదా అనుకుంది కోడలు.

రాత్రి భర్తకు చెప్పింది. అతను కళ్ళద్దాల దుకాణంలో కటకాలు అరగదీస్తాడు. ఓపికమంతుడు, గొడవంటే ఆమడదూరం. నాన్న ఏమన్నా సరేననాలి, తర్వాత మనకు నచ్చినట్టు చేసుకోవాలి, ఈ ఇంట్లో చిన్నప్పట్నుంచీ అదే పద్ధతి అన్నాడు. అదేదో ఆస్తి పంచి ఇస్తున్నంత ఉదారంగా చెప్పాడు. నిజమే మరి. ఆ ఇంట్లో కత్తెర ఎక్కడుండాలో, కిటికీ ఎంత తెరవాలో, కుర్చీలు ఎటు తిరగాలో అన్నీ మేస్త్రి నిర్ణయమే. ఆయన గడప దాటగానే కిటికీ ఇంకాస్త తెరుచుకుంటుంది, కుర్చీలు తిరుగుతాయి. ఆయన వచ్చేవేళకు అన్నీ యథాస్థానంలో ఉంటాయి. తన ఏర్పాటు ఎంత చక్కగా సాగుతోందో అనుకుంటూ ఆయన హాయిగా కూర్చుంటాడు.

ఆ పద్ధతి కోడలికి మింగుడుపడలేదు. పటం పోతుందన్న బాధ ఒకటైతే, ఆయనంటే ఆమెకు నిజంగా ఇష్టం, అదింకో బాధ. ఉద్యోగం పరీక్షకు పక్కన కూర్చుని పాఠాలు చెప్పింది ఆయనే. అలాంటి మనిషికి అందరూ తల ఊపి వెనక నవ్వుకుంటున్నారు. తనూ ఆ గుంపులో చేరడమా? చేరకపోతే ఆయన మొహాన చెప్పడమా? శనివారమంతా ఇదే ఆలోచిస్తూ పప్పులో రెండుసార్లు ఉప్పేసింది.

ఆదివారం మేస్త్రి యంత్రాల బాగోగులు చూడ్డానికి ఆఫీసుకు బయల్దేరుతుంటే తనూ వస్తానంది. ఆయన మురిసిపోయాడు. యంత్రాల గది చల్లగా, ఎవరూ లేకుండా ఉంది. కోడలు ఏమీ వివరించలేదు. ఒక చిన్న ప్రోగ్రాము సోర్సు చూపించి, నా డైరెక్టరీలో మీ చేత్తో కట్టిపెట్టండి మామయ్యా, ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చూసి నేర్చుకుంటాను అంది. ఆయన చొక్కా చేతులు మడిచి, చోటు ఎలా చెప్పాలో పాఠంలా చెబుతూ టైపు చేశాడు. అది కట్టుకుంది. వెళ్ళి ఉమ్మడి చోట కూర్చుంది.

ఎప్పుడూ ఉమ్మడి చోటికే కట్టే మేస్త్రికి ఇది కొత్త, కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈసారి ఒక్కొక్క అక్షరమే నొక్కాడు. అది మళ్ళీ అక్కడికే పోయింది. మూడోసారి పైకి చదువుతూ కొట్టాడు, పిల్లలచేత ఎక్కాలు చెప్పించినట్టు. ఫలితం మారలేదు. అప్పుడు ఆయన కోడలి వైపు చూడకుండా తన ఫైలు తెరిచాడు. చాలాసేపు చదివాడు. అంత చదవడానికి అందులో ఏమీ లేదు.

"నువ్వు చోటు చెప్పావన్నమాట," అన్నాడు చివరికి.

"చెప్పాను మామయ్యా."

"మరి మిగతావాళ్ళు?"

అబద్ధం కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ఎవరూ మీ ఫైలు వాడటం లేదు, అందరూ దాన్ని తప్పించుకుని కడుతున్నారు అని మెల్లగా చెప్పేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికే చూశాడు. ఆ పూట ఇంట్లోనూ నోరు విప్పలేదు. ఆయన ఏదో ఒకటి తిడితే బాగుండునని కోడలు కోరుకుంది. ఉన్నది కాస్తా చెడగొట్టుకున్నానేమో, ఈ మనిషి ఇక తనతో మాట్లాడడేమో అని ఆమెకు ఏడుపొచ్చింది.

సోమవారం సమావేశంలో డైరెక్టరు గొంతు సవరించుకోకముందే మేస్త్రి లేచి నిలబడ్డాడు. చోటు ఆమె చెప్పిందనీ, తన ఫైలే వినలేదనీ, ఆ తప్పు తనదేననీ చెప్పాడు. కోడలు తల ఎత్తలేకపోయింది. ఆయన అక్కడితో ఆగలేదు.

"నా ఫైలు కన్నుగప్పి కట్టేవాళ్ళు ఎవరెవరో చేతులెత్తండి," అన్నాడు.

ముందు రంగులక్క చెయ్యి లేచింది. తర్వాత కొలతలవాళ్ళవి, ముద్రణవాళ్ళవి, గోడవారగా నక్కినవాళ్ళవి. అందరూ ఎత్తేశాక, ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, డైరెక్టరు కూడా భుజందాకా ఎత్తి దించేశాడు. మేస్త్రి ఆ చేతులన్నీ ఒకసారి కలయజూసి, కూర్చుని, అక్కడే ఫైలు తెరిచి 'చెప్పకపోతేనే' అన్న షరతు చేర్చాడు. కోడలి అనుమతి మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె పటం ఆమెకే మిగిలింది.

సాయంత్రం బస్టాపు నుంచి ఇంటికి నడుస్తుండగా మేస్త్రి సగం దారిలో ఆగాడు. చేతిసంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇంట్లో కూడా ఇంతేనా అమ్మాయ్?"

ఇంత జరిగాక ఇప్పుడు అబద్ధమాడితే నిన్నటి నిజం కూడా వృథా అవుతుందనిపించింది కోడలికి.

"ఇంట్లోనూ ఇంతే మామయ్యా."

"మీ అత్తయ్య కూడానా?"

కోడలు ఆయన చేతిసంచీ అందుకుంది. ఆయన తల పంకించి మళ్ళీ నడక సాగించాడు, మునుపటికన్నా నెమ్మదిగా. ఆయన్ని చూస్తే ఆమెకు జాలేసింది, అయినా చెప్పినందుకు విచారించలేదు.

ఇంటికి రాగానే ఆయన చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. అత్తయ్య పొయ్యి దగ్గరుంది. ఆయన గుమ్మంలోనే నిలబడి, కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాడిలా నసిగాడు.

"ఏమోయ్, నీకెలా కావాలి?"

ఆవిడ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. ముందు ఆయన్ని, తర్వాత ఆయన వెనకున్న కోడల్ని చూసింది.

"దేని సంగతి?"

"ఏదైనా. ఇంట్లో ఏదైనా సరే."

అత్తయ్య పొయ్యి కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఆయనకో పీట జరిపి, తనో పీట వేసుకుంది.

"అయితే కూర్చోండి," అంది. "చాలాసేపు పడుతుంది."