‘ఊఁ’ మాట కాదా?

ఆమె దర్జీ. ఎప్పుడు చూసినా పెదాల మధ్య ఏడో ఎనిమిదో గుండుసూదులుంటాయి. అవి అక్కడున్నంతసేపు నోరు విప్పదు. విప్పితే సూది మింగాలి. ఇంత చిన్న సంగతి చుట్టాల బుర్రకెక్కలేదు. "బెల్లంకొట్టిన రాయి" అన్నారు. "మూగనోము పట్టింది" అన్నారు. పనిచేసే ఆడదాని నోరు తెరుచుకున్నా తప్పే, మూసుకున్నా తప్పే. ఇది కొత్తేమీ కాదు.

కొత్త సంగతి ఏమిటంటే, ఆమె కూతురికి పదకొండో నెల నడుస్తోంది. గుండ్రంగా ఉంటుంది కాబట్టి అందరూ బుడంకాయ అంటారు. మిషను పక్కన ఓ మూల, అడ్డంగా నిలబెట్టిన చెక్కపలక వెనకాల, చాపమీద దాని కాపురం. గంటకోసారి దర్జీ అయస్కాంతం పట్టుకుని గది నేలంతా తుడిచినట్టు తిప్పుతుంది, జారిన సూది ఒక్కటైనా మిగలకుండా. అంత జాగ్రత్త.

టీకా వేయించడానికి వెళ్లినప్పుడు నర్సు అడిగింది: "పిల్లతో రోజూ ఎంతసేపు మాట్లాడతారు?"

ఇంకొకరైతే అబద్ధం చెప్పేవాళ్లు. దర్జీ "తక్కువేనండి" అంది.

పక్కనే ఉంది ఆడపడుచు. ఇక చూసుకోండి.

ఈ ఆడపడుచు ఇరవై రెండేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ గేటుకొస్తుందో చెప్పిన మనిషి. పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ మైకే. రెండు నెలల క్రితం ఉద్యోగం అయిపోయింది, నోరు మాత్రం డ్యూటీ దిగలేదు. మేనకోడలంటే ప్రాణం. ఆ మాట కాదనడానికి లేదు.

"విన్నావా తమ్ముడూ?" అంది ఆ సాయంత్రమే. "మాట వినకపోతే పిల్లకు మాటెలా వస్తుంది? పొద్దున మా ఇంట్లో దింపు, సాయంత్రం తీసుకెళ్లు. నెలలో గలగలా మాట్లాడించకపోతే నన్నడుగు."

తమ్ముడు వ్యాను డ్రైవరు. రోడ్డుమీద పులి, అక్క ముందు పిల్లి. "అక్క చెప్పేదీ నిజమేగా" అన్నాడు గోడవైపు చూస్తూ.

దర్జీ చేతిలో గుడ్డ ఆగింది. పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా ఆ మూల ఖాళీగా ఉంటుందా అని చెక్కపలక వెనక్కి తొంగిచూసింది.

సరిగ్గా ఆ వారమే నర్సు పంపిందంటూ ఓ చదువుకుంటున్న అమ్మాయి వచ్చింది. ఇళ్లల్లో పసిపిల్లల చెవిన ఎన్ని మాటలు పడుతున్నాయో లెక్కగడుతోందట. అగ్గిపెట్టెంత యంత్రం చూపించింది. పిల్ల చొక్కాకు జేబు కుట్టి అందులో పెడితే, రోజంతా ఎవరేం మాట్లాడారో పట్టేస్తుంది.

మైకు మొహం వెలిగిపోయింది. "ఇంకేం! లెక్కే తేలుస్తుంది. ఎవరి మాటలు ఎక్కువైతే పిల్ల పగలంతా వాళ్ల దగ్గర. ఏమ్మా మరదలా, సరేనా?"

దర్జీ నోట్లో ఎనిమిది సూదులున్నాయి. "ఊఁహూఁ" అంది.

మైకుకు మొదటి సగమే వినబడింది. "ఊఁ అంది, చూశావా తమ్ముడూ!"

సూదులన్నీ తీసి నోరు తెరిచేసరికి మైకు వీధి మలుపు తిరిగేసింది.

యంత్రం పెట్టిన రోజు పొద్దున తొమ్మిదికే దిగింది మైకు. చాప పక్కన కుర్చీ వేసుకుంది. "ఇది కత్తెర. కత్తెరంటే కోసేది. ఇది టేపు. టేపంటే కొలిచేది. ఇది గుండీ. గుండీకి నాలుగు కన్నాలు..." గదిలో ఉన్న వస్తువులయ్యాక వీధిలో ఉన్నవి, వీధిలోవి అయ్యాక పాత బస్సుల వేళలు. నీళ్లు తాగడానికి కూడా మాటను మింగలేదు. బుడంకాయ మొదట్లో నోరు తెరుచుకుని చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. రెండింటికి గొంతు బొంగురుపోయి మైకు ఇంటికెళ్లింది.

దర్జీ స్కూలు ప్యాంట్ల అంచులు కుడుతూనే ఉంది.

వారానికి ఆ అమ్మాయి కాగితం తెచ్చింది. మైకు కొత్త చీరలో వచ్చింది. డ్రైవరు వ్యాను గుమ్మం ముందే ఆపుకుని, ఏ క్షణమైనా పారిపోయేవాడిలా తాళాలు చేతిలోనే పట్టుకున్నాడు.

"మేనత్త గారివి ఎనిమిది వేల నాలుగొందల మాటలు" అని చదివింది అమ్మాయి. "అమ్మవి..." కాస్త తడబడింది. "నూట అరవై."

"నేను చెప్పలా!" అంది మైకు. అని, మరదలి మొహం చూసి గొంతు తగ్గించింది. "నిన్ను తక్కువ చేయడం కాదమ్మా. పిల్ల మంచికే."

దర్జీ పెదాల మధ్య నుంచి సూదులు ఎనిమిదీ ఒక్కొక్కటే తీసి, సూదులు గుచ్చే చిన్న దిండుకు గుచ్చింది.

"అమ్మాయ్, ఆ రోజు వదిన రాకముందూ వెళ్లాకా పిల్ల నాతో మాట్లాడుతూనే ఉంది. నేనూ పలికాను. అవేవీ?"

అమ్మాయి కాగితం తిప్పింది. "మీరు పలికినవి ఎక్కువగా ‘ఊఁ’లేనక్కా. యంత్రం వాటిని మాటల్లో వేయదు. మిషను చప్పుడు కింద రాసింది."

"మిషను చప్పుడా!" దర్జీ లేచి నిలబడింది. "నీ యంత్రానికి మన భాష ఎవరు నేర్పారమ్మా? కథ చెప్పేవాడికి ఊఁ కొట్టకపోతే కథ సాగుతుందా? ఊఁ అంటే అవును. ఊఁహూఁ అంటే కాదు. ఊఁ? అంటే ఏం కావాలి. ఊఁ... అంటే తర్వాతేమైంది. కాస్త గట్టిగా ఊఁ! అంటే అది నోట్లో పెట్టుకోకు. పెళ్లి కుదిరేదీ ఊఁతోనే. కోర్టులో జడ్జి కూడా ఊఁ అంటాడు, అప్పుడది మాటేగా? అదే దర్జీ ఊఁ అంటే చప్పుడైందా? వినిపించు. ఆ రోజుది ఇక్కడే, అందరి ముందూ వినిపించు."

పెళ్లయ్యాక ఆమె ఒక్కసారిగా అన్ని మాటలాడటం డ్రైవరు వినలేదు. తాళాలు బల్లమీద పెట్టేశాడు.

అమ్మాయి చిన్న స్పీకరు తీసింది. పొద్దుటి ఏడు గంటల చప్పుడు గదిలోకి వచ్చింది. మిషను పరుగు. ఆగింది.

"ద్దా."

"ఊఁ?"

"బ్బబ్బ."

"ఊఁహూఁ."

"బ్బబ్బ!"

"ఊఁ... ఊఁ."

ఒక కిలకిల. మళ్లీ మిషను. మిషను నడిచినంతసేపు పిల్ల నోరు మెదపలేదు. ఆగీ ఆగకముందే, తన వంతు కోసం కాచుక్కూర్చున్నదానిలా, "ద్దా!" అంది. అమ్మాయి ముందుకు జరిపినకొద్దీ అదే. డ్రైవరు నోరు తెరిచి వింటున్నాడు. తను వ్యాను తీసుకుని వెళ్లాక ఇంట్లో ఇంత కబుర్లున్నాయని అతనికి తెలియదు.

జరుపుతూ పోతే తొమ్మిది గంటలొచ్చింది. "ఇది కత్తెర. కత్తెరంటే కోసేది..." ఆ గొంతు అడుగున, సన్నగా, "ద్దా". ఇంకోసారి "ద్దా". మూడోసారి గట్టిగా. ఆపైన పిల్ల గొంతే లేదు.

మైకు కుర్చీలో ముందుకు వంగింది. "అదేంటి? నన్ను పిలిచిందా?"

"మూడుసార్లు వదినా."

"మరి నాకు వినబడలేదే!"

"నీకెప్పుడు వినబడింది గనక అక్కా" అన్నాడు డ్రైవరు. అన్నాక భయపడ్డాడు.

మైకు తిట్టలేదు. "అద్దాల గదిలో కూర్చోబెట్టార్రా ఇరవై రెండేళ్లు" అంది మెల్లగా. "అవతలివాళ్లు నోరు కదపడం కనబడేది, మాట వచ్చేది కాదు. చెప్పడమే తప్ప వినే పని లేదు. అలవాటైపోయింది." ముక్కు చీదింది. "పిల్ల ఇక్కడే ఉంటుంది. నేనే వస్తా. నోరు కట్టుకుని కూర్చుంటా, సరేనా?"

"కట్టుకోకు వదినా. కత్తెర, గుండీ నేను చెప్పలేను, నువ్వే చెప్పాలి. మధ్యమధ్య ఆగు, చాలు."

మైకు చీరకొంగుతో మొహం తుడుచుకుని చాపమీదికి దిగి కూర్చుంది.

అక్కడితో అయిపోయిందనుకుని అమ్మాయి సంచి సర్దుకోబోయింది.

"ఎక్కడికి?" అంది దర్జీ. "నూట అరవై అని నీ కాగితంలో ఉంది. రేపు ఎవరో పెద్దవాళ్లు అది చదివి, ఇలాంటి ఇళ్లల్లో తల్లులు పలకరు అని రాస్తారు. వాళ్లకు మా ఇంట్లో లేనివి కనబడినంత తొందరగా ఉన్నవి కనబడవు. కూర్చో. నీ చేత్తో లెక్కపెట్టి సరిగ్గా రాసి మరీ వెళ్లు."

"రోజంతా ఉందక్కా!"

"ప్యాంట్లూ డెబ్బై ఉన్నాయి. నువ్వు లెక్కపెట్టు, నేను కుడతా."

అమ్మాయి చేసేదిలేక ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, కాగితం మీద గీతలు పెట్టడం మొదలెట్టింది. గీతలు ఒక వరుస నిండాయి, రెండో వరుస నిండింది. ఆమె కనుబొమలు పైకి లేస్తున్నాయి. బుడంకాయ చెక్కపలక పట్టుకుని లేచి నిలబడింది. కొత్తమనిషిని తేరిపార చూసి, వేలు చూపించి, "ద్దా?" అంది.

అమ్మాయి తల ఎత్తలేదు. గీతల్లో మునిగిపోయింది.

"ద్దా?"

దర్జీ మిషను ఆపింది. డ్రైవరు గుమ్మంలో ఆగిపోయాడు. ముగ్గురూ ఒక్కసారే అరిచారు:

"పిల్ల అడుగుతోంది, పలకవేం!"