యాడి దగ్గర పెట్టిన చక్రం

నలభై ఒక్క పళ్లున్న క్రౌన్ వీల్ ఒకటి కావాలి. జగదీష్ అడిగేది అంతే.

ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు అందించే పళ్లచక్రం అది. అది లేకపోతే ఇంజన్ ఎంత అరిచినా బండి అంగుళం కదలదు. సత్తుపల్లిలో జగదీష్ షెడ్డులో ఉన్న ఆర్డెన్ కారు సరిగ్గా అలాగే ఉంది. అరవై ఏళ్ల కిందటి బండి. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పదకొండేళ్లుగా ఒక్కో ముక్కా వెతికి తెచ్చి, దాన్ని మళ్లీ కారులా నిలబెట్టాడు. ఒక తలుపు మధిర దగ్గర కోళ్ల గూటికి అడ్డంగా కనిపించింది. కార్బొరేటర్ కోసం నాగపూర్ దాకా వెళ్లొచ్చాడు. పోయిన ఎండాకాలంలో మొదటిసారి రోడ్డెక్కించాడు. రెండు వందల గజాలు నడిచింది. తర్వాత టప్పున శబ్దం. క్రౌన్ పళ్లు ఏడు రాలిపోయాయి.

విజయవాడలో లేత్ మీద కొత్తది చేయించాడు. రెండో కిలోమీటరు దాటకుండానే అది అరిగి పొడి రాల్చింది.

ఇంకొకడైతే ఇంకో పదేళ్లు వెతికేవాడు. జగదీష్‌కు అంత వ్యవధి లేదు. ప్రాణానికి ఢోకా లేదు, పోతున్నవి చేతులు. కుడిచేతి వేళ్లలో మొదలైన వణుకు ఎడమ చేతికి పాకింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది: మందులు ఆలస్యం చేస్తాయి, ఆపవు. క్రౌన్‌ను బిగించడమంటే వెంట్రుక మందం సందును వేలికొసతో పసిగట్టడం. ఆ పని ఈ చేతులు ఇంకో ఐదారు నెలలు చేయగలవేమో. ముప్పై ఏళ్లు ఊరివాళ్ల బండ్లు బాగుచేశాడు. తనకోసం మొదలుపెట్టింది ఇదొక్కటే.

సోమవారం పొద్దున ఫోన్ మోగింది.

ములకలపల్లి అవతల అడవి అంచు తండా నుంచి సోమ్లా అనే ముసలాయన. ఒకప్పుడు కలప కాంట్రాక్టరు దగ్గర ఆర్డెన్ నడిపాడట. జగదీష్ క్రౌన్ కోసం వెతుకుతున్నాడని ఎవరో లారీ డ్రైవరు చెబితే ఫోన్ చేశాడు. జగదీష్ కూడా తండా బిడ్డే. ఇద్దరూ లంబాడీలోనే మాట్లాడుకున్నారు.

"క్రౌన్ ఉన్నది బిడ్డా. ఇప్పి యాడి దగ్గర పెట్టిన. నలభై ఏండ్లాయె, ఎవలూ ముట్టలే."

యాడి అంటే అమ్మ.

"తుప్పు పట్టిందేమో మామా?"

"తుప్పెందుకు పడ్తది? నూనె పోస్తనే ఉంటం. ఏటేటా కొత్త గుడ్డ కడ్తం."

ఫోన్ పెట్టేసి జగదీష్ షెడ్డులో కూలబడ్డాడు. మెకానిక్‌లు కూడా సామాను అంత జాగ్రత్తగా దాచరు. ఎవరో ఒక తల్లి, కొడుకు తెచ్చిచ్చిన ఇనప ముక్కను నలభై ఏళ్లు నూనె పోసి, గుడ్డ కట్టి కాపాడింది. జగదీష్ భార్య ప్రమీల బజారుకు వెళ్లి ఆ తల్లికి ఒక నేత చీర కొనుక్కొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. బండి ఎల్లస్వామిది. ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడిపి రిటైరైన మనిషి, జగదీష్‌కు పాతికేళ్ల స్నేహితుడు. స్టీరింగ్ ముందు కూర్చున్నాడంటే నోరు ఆగదు.

"నీ కారు నడిసేలోపల సత్తుపల్లిల బొగ్గంత అయిపోతదనుకున్న తమ్మి."

"సక్కగ నడుపన్నా. ఇది డంపర్ గాదు."

"డంపరైతే ఇప్పటికి నీ కాళ్లు నెత్తి మీదుండేవి."

జగదీష్ నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. దమ్మపేట పామాయిల్ తోటలు దాటాయి. ములకలపల్లి దాటింది. రోడ్డు సన్నబడి, రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాయి. జగదీష్ చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అలా అయితే వణుకు కనపడదు.

సోమ్లా తండా మొదట్లోనే నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, వెన్ను ఇంకా వంగలేదు. జగదీష్ చేతిలో చీర చూసి తలూపాడు.

"యాడికి చీర తెచ్చినవా? మంచి పని చేసినవ్."

"ఇంట్ల ఉన్నదా మామా?"

"ఇంట్లెందుకుంటది? రోడ్డు మీదనే ఉంటది. వచ్చే పొయ్యే బండ్లను చూస్కుంటది. పాండ్రి."

ఎల్లస్వామి జగదీష్ చెవి దగ్గరికి వంగాడు. "ముసలామెను రోడ్డు మీద పడేసిండా ఏంది వీడు?"

అర కిలోమీటరు నడిచారు. రోడ్డు వాగులోకి దిగే చోట మలుపు. మలుపులో వేపచెట్టు. చెట్టు మొదట్లో సిందూరం పూసిన రాయి, రాతికి ఎర్రగుడ్డ. రాతి చుట్టూ ఇనుము. విరిగిన కమాను పట్టీలు, బ్రేకు డ్రమ్ములు, పగిలిన పిస్టన్లు, ఒక లారీ స్టీరింగ్. మోకాలెత్తు కుప్ప.

సోమ్లా చెప్పులు విడిచి దండం పెట్టాడు.

"ఇగో, యాడి."

లంబాడీలకు కన్నతల్లీ యాడే, దేవతా యాడే. తండాలో పుట్టి పెరిగిన జగదీష్‌కు అది ఎవరూ చెప్పనక్కర్లేదు. నిన్న ఆ మాట వినగానే తను వినాలనుకున్నదే విన్నాడు.

ఎల్లస్వామి జోకు వేయబోయి, జగదీష్ మొహం చూసి ఆగిపోయాడు.

"క్రౌన్ ఏడున్నది మామా?"

సోమ్లా రాతి వెనక నుంచి గుడ్డ చుట్టిన చక్రాన్ని రెండు చేతులతో ఎత్తి ఇచ్చాడు. జగదీష్ మోకాళ్ల మీద కూలబడి గుడ్డ విప్పాడు. నలభై ఏళ్ల నూనె, సిందూరం కలిసి గట్టిపడి చక్రమంతా ఎర్రని ముద్దలా ఉంది. సైజు అదే. బోల్టు రంధ్రాలు పది, అవీ అవే. దేవత దగ్గరుంటేనేం? ఇనుము ఇనుమే.

"తీస్కోవచ్చునా?"

"తీస్కో. యాడి ఏమనదు."

ఎల్లస్వామి పరుగున వెళ్లి బండిలోంచి డీజిలు డబ్బా, స్క్రూడ్రైవరు తెచ్చాడు. జగదీష్ గీకడం మొదలుపెట్టాడు. చెయ్యి వణికి స్క్రూడ్రైవరు జారింది. ఎల్లస్వామి చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. సిందూరం పెచ్చులు రాలాయి. ఒక్కో పన్నూ బయటపడింది. అంచులు పదునుగా, నిన్న కోసినట్టు ఉన్నాయి.

"లెక్కవెట్టన్నా."

"ఒకటి, రెండు, మూడు..." ఎల్లస్వామి బొగ్గు గనిలో ట్రిప్పులు లెక్కపెట్టినట్టు పైకి లెక్కపెట్టాడు. ఇరవై. ముప్పై. ముప్పై ఆరు దగ్గర జగదీష్ స్క్రూడ్రైవరు లోపలికి దిగబడింది. అక్కడ ఇనుము లేదు. సిందూరం ఒక్కటే ఉంది. పెద్ద పెచ్చు ఊడి ఒళ్లో పడింది.

వరసగా ఐదు పళ్లు లేవు.

జగదీష్ ఆ ఖాళీలో బొటనవేలు పెట్టి అలాగే ఉంచాడు.

"ఇరిగిందని చెప్పలేదేంది మామా?"

సోమ్లాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "చెప్పేదేమున్నది? మంచిగున్న సామాను ఎవడన్న యాడికిస్తడా? గీ దిగుడుల క్రౌన్ ఇరిగి బండి ఎనుకకు జారింది. లోపల నేను, నా పెండ్లాం, పసిపిల్ల. వాగుల పడేటోళ్లం, గీ చెట్టుకు ఆనింది. పాణం బదులు ఇరిగింది ఇప్పి యాడికి పెడ్తం. డ్రైవరన్నోడెవడైన గంతే."

జగదీష్ కుప్ప వైపు చూశాడు. పదకొండేళ్లు వెతికితే దొరకని పాత బండ్ల సామానంతా అక్కడ ఉంది. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

"మిగిలిన కారేమైంది?" ఎల్లస్వామి అడిగాడు.

"కరిగిచ్చిండ్రు. ఎప్పటి ముచ్చట." సోమ్లా జగదీష్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు ఆ చేతులను చూశాడు. గొంతు తగ్గించాడు. "కారు నడిస్తే ఏడికి పోదామనుకున్నవ్ బిడ్డా?"

"తల్లాడ దాక."

"గంతేనా?"

"గంతే. పోయి, చాయ్ తాగి, వద్దామనుకున్న."

సోమ్లా చక్రానికి మళ్లీ గుడ్డ చుట్టి రాతి వెనక పెట్టాడు. జగదీష్ ఇచ్చిన చీరను రాయికి కప్పాడు.

తిరుగు ప్రయాణంలో దమ్మపేట దగ్గర గానీ ఎల్లస్వామి నోరు విప్పలేదు.

"పూణేల పాత బండ్లోళ్ల సంఘం ఉన్నదట తమ్మి. ఫోన్ చేద్దాం. దేశంల ఇంకొకటి ఉండకపోతదా?"

"ఉంటది."

"మరి?"

"దొరికేనాటికి బిగిచ్చేదెవలన్నా?"

"నువ్ పక్కన కూసోని చెప్పు, ఇంకెవలతోనన్న..."

"సందు చెప్తే రాదన్నా. వేలికే తెలుస్తది."



షెడ్డు దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. జగదీష్ లోపలికి వెళ్లలేదు. కారు మీద కప్పిన పట్టా వైపు బయట నుంచే ఒకసారి చూశాడు. "షట్టర్ దించన్నా," అన్నాడు. ఎల్లస్వామి దించాడు. జగదీష్ వంగి తాళం తగిలించి, తాళంచెవిని దాని రంధ్రం దగ్గర పెట్టాడు. అది పక్కకు జారింది. మళ్లీ పెట్టాడు. ఇనుము మీద ఇనుము టకటకా కొట్టుకుంది. ఎల్లస్వామి చెయ్యి చాచబోయాడు.

"ఆగు," అన్నాడు జగదీష్. "ఇదన్న ఏస్త."

ఎల్లస్వామి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక ఆ టకటక చాలాసేపు వినిపిస్తూనే ఉంది.