తక్కువ మార్కుల కిటుకు

వాడికి ఆ కిటుకు నేర్పింది నేనే. ఇంకెవరి మీదకీ నెట్టడానికి లేదు.

కీరన్ బారక్లఫ్ మా క్లబ్బులోకి వచ్చేనాటికి వాడికి పంతొమ్మిదేళ్ళు. బొగ్గు గని మూసేశాక మా ఊరికి మిగిలింది రగ్బీ లీగ్ ఒక్కటే. నేను ముందు వరసలో ఆడేవాణ్ణి. వేన్ ఓల్డ్‌రాయిడ్ అంటే అప్పట్లో నలుగురికీ తెలుసు. ఏటా సీజన్ మొదలవకముందు అందరికీ తల పరీక్ష పెట్టేవాళ్ళు. కంప్యూటర్ ముందు కూర్చుని మాటలు గుర్తుపెట్టుకోవాలి, బొమ్మ కనపడగానే మీట నొక్కాలి. ఆటలో తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. పాత మార్కుల కన్నా పడిపోతే ఇక ఆడనివ్వరు.

"కావాలని చెడగొట్టరా," అన్నాను వాడితో. "ఇప్పుడే మొద్దువని రాయించుకో. రేపు దెబ్బ తగిలినా పాత మార్కులతో కలుస్తాయి, నిన్నెవడూ ఆటలోంచి దింపడు."

గదిలో అందరూ నవ్వారు. మేమందరం చేసేది అదే. ఎవరికి అందరికన్నా తక్కువొస్తే వాళ్ళకి ఆ సాయంత్రం మిగతావాళ్ళు బీరు పోయించాలి. మొదటి ఏడాదే కీరన్ గెలిచాడు. నా బుర్ర తగలెయ్య, నేను తెగ సంబరపడిపోయాను.

పదిహేనేళ్ళు ఆడాడు. ఎదురొచ్చినవాణ్ణి పట్టుకుని నేలకేసి కొట్టడంలో చుట్టుపక్కల వాడి తరవాతే ఎవరైనా. తల ఎక్కడ పెడుతున్నాడో మాత్రం చూసుకునేవాడు కాదు. పడేవాడు, లేచేవాడు, పరీక్ష రాసేవాడు, మళ్ళీ దిగేవాడు. ఆట మానేసి కోచ్‌కి చేదోడుగా ఉన్న నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.

పోయిన నవంబరులో వాడి భార్య లియాన్ మా ఇంటికొచ్చింది. ఇచ్చిన టీ ముట్టుకోలేదు. కీరన్ చిప్స్ కోసం పొయ్యి మీద నూనె పెట్టి, కుక్కని తీసుకుని షికారుకెళ్ళిపోయాడట. కూతురు ఎల్సీని తేవడానికి వెళ్ళి, తను చిన్నప్పుడు చదివిన బడి ముందు గంటసేపు నిలబడ్డాడట. ఇంకో ఏడాది ఆడతానని క్లబ్బుకి సంతకం పెడతానని, క్లబ్బు డాక్టరు సరే అంటే చాలని పట్టుపట్టాడట.

"నీ మాటైతే వింటాడు వేన్. ఆయన్ని ఆపు," అంది.

ఆట మానెయ్యరా అని వాడి మొహాన చెప్పే దమ్ము నాకు లేకపోయింది. అందుకని ఇంకో దారి పట్టాను. ఈసారికి కిటుకులు మాని పరీక్ష నిజంగా రాయి, బుర్ర బాగుంటే మార్కులు పైకి లేస్తాయి, లియాన్ భయమూ తీరుతుంది అన్నాను. వాడు చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

జనవరిలో పరీక్ష అయింది. డాక్టరమ్మ కొత్తగా వచ్చింది, మంచి పిల్ల. పాత కాగితాలన్నీ పరిచి చూపించింది. ఇన్నేళ్ళలో మార్కులు అటూ ఇటూ కాలేదు, ఇంకో ఏడాది నిక్షేపంగా ఆడొచ్చు అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బట్టలు మార్చుకునే గదిలోకెళ్ళి వాడి కాలర్ పట్టుకున్నాను.

"మళ్ళీ చెడగొట్టావు కదరా?"

"లేదు వేన్, ఎల్సీ మీద ఒట్టు." వాడు నవ్వుతున్నాడు. "చెమటలు పట్టేశాయి తెలుసా. ప్రాణం పెట్టి రాశాను. ఎంతొచ్చింది, బాగా పెరిగిందా?"

కాలర్ వదిలేశాను. అప్పుడు కావాలని చెడగొట్టి తెచ్చుకున్న మార్కులే, ఇప్పుడు ప్రాణం పెట్టినా వచ్చాయి.

తిరిగి డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఏదీ దాచకుండా చెప్పేశాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నేరుగా ఫోను తీసింది. రెండు వారాల్లో స్కానింగులయ్యాయి, వాడి ఆట అయిపోయింది. నీ మొహం జన్మలో నాకు చూపించకన్నాడు కీరన్. తిట్టని తిట్టు లేదు. పడ్డాను.

మార్చిలో సంతలో ఎదురుపడ్డాడు. తప్పుకుపోబోతుంటే వాడే వచ్చి భుజం మీద చరిచాడు. క్షమించేశాడు కాబోలనుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?" అన్నాడు.

బేకరీ ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, జరిగిందంతా మళ్ళీ చెప్పాను. వాడు మొదటిసారి విన్నట్టే విన్నాడు. మొదటిసారి తిట్టినట్టే తిట్టాడు.