తాళాలక్క ఇచ్చిన పర్మిషన్

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ తాళాలక్క అనేవాళ్లు. నిజానికి ఆమె దగ్గర ఒక్క తాళం కూడా లేదు. ఉన్నదల్లా మేడ మీద కిటికీ లేని గది, అందులో ఒక కంప్యూటర్. ఏ యంత్రాన్ని ఎవరు ఆపాలి, ఎవరు తిప్పాలి, ఎవరు సరేనంటే తరువాతి పని దానంతటదే మొదలవ్వాలి, ఆ పర్మిషన్లన్నీ ఇచ్చేదీ తీసేసేదీ ఆమే.

"అక్కా, మా ఆవిడ బీరువాకి కూడా నాకో పర్మిషన్ పడెయ్" అనేవాడు పొడుగు ఫిట్టర్, కనబడినప్పుడల్లా.

"అది నా సిస్టమ్‌లో లేదు నాయనా. ఆవిణ్ణే అడుక్కో" అనేది ఆమె.

పిండి కలిపే పెద్ద తొట్టికి ఒక కట్టుబాటు ఉండేది. రిపేరు చేసిన ఫిట్టర్ ఫోన్‌లో 'పని అయింది' అని నొక్కాలి. తరువాత షిఫ్టు సూపర్‌వైజర్ తొట్టిలోకి తొంగిచూసి 'తిప్పొచ్చు' అని నొక్కాలి. రెండూ పడితేనే తొట్టి తిరుగుతుంది. ఆ రెండు బటన్లూ ఒకే మనిషికి ఇవ్వకూడదు.

ఫిట్టర్లను సగానికి సగం తీసేశాక చిక్కొచ్చిపడింది. మిగిలినవాళ్లు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పరుగులు పెడుతూ నొక్కడం మరిచిపోయేవారు. తొట్టి ఊరికే నిలబడేది. మేనేజర్ మెట్లెక్కి ఆమె గదికి వచ్చాడు.

"సూపర్‌వైజర్లకే రెండూ ఇచ్చెయ్యమ్మా."

"కుదరదు సార్. లోపల మనిషున్నాడో లేదో ఎవరు చెప్తారు?"

"వాళ్లకి కళ్లున్నాయిగా! పైవాళ్లు ఒప్పుకున్నారు. నువ్వు అడ్డం పడితే ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, అంతే."

ఆమె ఇచ్చేసింది. ఆ సూపర్‌వైజర్లలో ఆమె తమ్ముడు ఒకడు. తండ్రి పోయాక వాణ్ణి చదివించిందీ, ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆమే. "హమ్మయ్య, ఇక రోజూ తిట్లు తినే పని లేదు" అని వాడు సంబరపడ్డాడు.

ఒక మధ్యాహ్నం తొట్టి రెక్క వదులైంది. పొడుగు ఫిట్టర్ లోపలికి దిగాడు. కాసేపటికి పైకొచ్చి పానా కోసం స్టోరు వైపు వెళ్లాడు. తమ్ముడు అది చూసి పని అయిపోయిందనుకున్నాడు. ఇంతలో మేనేజర్ నుంచి ఫోన్, ఇంకా తిప్పలేదేమని అరుపులు. వాడు ఫోన్‌లో మాట్లాడుతూనే రెండు బటన్లూ నొక్కాడు. పానా తీసుకుని ఫిట్టర్ అవతలి పక్కనుంచి అప్పటికే మళ్లీ దిగాడు.

కేకలు విని ఆమె కిందికి పరుగెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది. తమ్ముడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఎవరు ఏమడిగినా "చూశాను, లోపల ఎవరూ లేరు" అంటున్నాడు.

సాయంత్రం మేనేజర్ తలుపు వేసి గొంతు తగ్గించాడు. "'పని అయింది' దగ్గర నీ తమ్ముడి పేరు తీసేసి ఫిట్టర్ పేరు ఎక్కించు. వాడే నొక్కి, ఎందుకో మళ్లీ దిగాడని చెప్దాం. అలా ఎక్కించే వీలు నీ ఒక్కదానికే ఉంది. నీ తమ్ముడు బయటపడతాడు."

"తప్పు అతనిదేనంటే అతని పెళ్లానికి పైసా రాదు, ఆమె గతేం కాను సార్?"

"రేపటికల్లా అయిపోవాలి" అంటూ మేనేజర్ తలుపు తీశాడు.

ఇంట్లో తల్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పోయినవాడు ఎలాగూ రాడే. ఉన్నవాణ్ణయినా దక్కించవే తల్లీ."

తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

"ఒరేయ్, నిజంగా చూశావా?"

వాడు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

"లేదక్కా. చూడలేదు" అన్నాడు లోపలినుంచే. "ఎక్కించెయ్ అక్కా. నాకు భయంగా ఉంది."

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె చెయ్యి దానంతటదే ఫిట్టర్ పేరు మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ పోయింది. తల్లి ఇంకొక్కసారి ఏడిస్తే తాను ఎక్కించేస్తుందని ఆమెకు తెలిసిపోయింది. వెంటనే హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది.

"నా పర్మిషన్లన్నీ తీసెయ్యండి. ఇప్పుడే."

"ఎందుకమ్మా, ఏమైంది?"

"నా మీద నాకు నమ్మకం లేదు."

తెర మీద ఆమె పేరు పక్కనున్న గడులన్నీ ఖాళీ అయ్యేదాకా చూసింది. అప్పుడు విచారణకు వచ్చిన అధికారి దగ్గరికి నడిచింది. ఎవరు అడిగారో, ఎవరు ఇచ్చారో, ఎవరు నొక్కారో చెప్పింది. తన పేరే ముందు చెప్పింది.

తమ్ముడికి జైలు పడింది. ఆమె ఉద్యోగం పోయింది. మేనేజర్‌ను ఇంకో ఫ్యాక్టరీకి మార్చారు, అంతకు మించి ఏమీ కాలేదు. ఫిట్టర్ భార్య కోర్టు వరండాలో ఎదురుపడి, "మీకు దణ్ణం పెట్టాలో, మొహాన ఉమ్మెయ్యాలో తెలీట్లేదమ్మా" అంది. రెండూ చెయ్యకుండానే వెళ్లిపోయింది.

తల్లి ఇప్పటికీ అన్నం వడ్డిస్తుంది, మాట మాత్రం కలపదు. ఆమె వారం వారం జైలుకు వెళ్తుంది. మొదటిసారి తమ్ముడు వచ్చి, ఊచల అవతల నిలబడి, "నా కోసం ఒక్క బటన్ నొక్కలేకపోయావా అక్కా" అని మాత్రం అని తిరిగిపోయాడు. ఆ తరువాత రావడం మానేశాడు.

"రానంటున్నాడమ్మా" అంటాడు కాపలావాడు, ప్రతిసారీ.

"సరే బాబూ, ఉతికిన బట్టలు ఇవి, ఇచ్చెయ్" అని ఆమె సంచీ అందిస్తుంది.